జారింగ్ అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి పొట్టపోసుకునేవాణ్ణి. 'ఈ మాటకి తెలుగులో ఏమంటారు?' అని స్నేహితులు అడుగుతారు, వాళ్ళ పిల్లలు అడుగుతారు, వాళ్ళ ఆఫీసు వాళ్ళూ అడుగుతారు. అలా అడిగినవాటిలో పదే పదే వచ్చే మాట 'జారింగ్'. డిక్షనరీ తెరిస్తే 'కర్కశమైన' అని ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి వాక్యంలో పెడితే అతకదు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

జారింగ్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

ఒక్క ముక్కే కావాలంటే 'ఎబ్బెట్టు'. ఇంకో ముక్క వాడుకోనిస్తే 'పంటికింద రాయి'.

ఆ రాయినే పట్టుకుని చూద్దాం. పెరట్లో పడున్న రాయితో మనకి ఏ పేచీ లేదు. రోలు కూడా రాయే, దాంట్లోనే పచ్చడి నూరుకుంటాం. అదే రాయి శనగబద్దంత ముక్కై మెత్తగా కలిపిన పెరుగన్నంలో దాక్కుని పంటికి తగిలిందనుకోండి, నవనాడులూ జివ్వుమంటాయి. రాయి గట్టిదనం ఎప్పుడూ ఉన్నదే. మన పళ్ళు మాత్రం మెత్తటి అన్నానికి సిద్ధమై ఉన్నాయి. అనుకున్నదానికీ తగిలినదానికీ మధ్య వచ్చిన ఆ కుదుపుకే ఇంగ్లీషువాళ్ళు జారింగ్ అంటారు.

చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేలే తగులుతుంది చూడండి, అదీ జారింగే. నేల ఏం తప్పు చేసింది?

మరి డిక్షనరీలో 'కర్కశమైన' అని ఎందుకుంది?

శబ్దాల విషయంలో ఆ అర్థం సరిపోతుంది కాబట్టి. చిక్కంతా మిగతాచోట్లే. ఈ సంగతి నేను తిట్లు తిని నేర్చుకున్నాను.

పనిలో చేరిన కొత్తలో ఒక వ్యాసం ఇచ్చారు. భర్త పోయిన ఒకావిడ పది రోజుల తర్వాత తిరిగి ఆఫీసుకి వెళ్ళడం గురించి. ఆఫీసుకి తిరిగి రావడం 'జారింగ్'గా ఉందని ఆవిడ రాసుకుంది. నేను 'కార్యాలయ వాతావరణం కర్కశంగా అనిపించింది' అని రాసి పంపాను. మా డెస్క్‌లో కాపీ దిద్దే పెద్దావిడ పెన్సిల్‌తో దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి పిలిచారు. 'ఏవయ్యా, ఆ ఆఫీసులో ఆవిణ్ణి ఎవరైనా ఏమన్నా అన్నారా?' అన్నారు. లేదు మేడమ్, అందరూ బాగానే ఉన్నారు, కాఫీ కూడా ఇచ్చారు అన్నాను. 'మరి కర్కశం ఎక్కడుంది? అందరూ ఎప్పట్లాగే నవ్వుతున్నారు, ప్రింటర్ ఎప్పట్లాగే మోగుతోంది. అది ఆవిడకి మింగుడుపడలేదు. అది రాయవయ్యా.'

'అంతా ఎప్పట్లాగే ఉండటం ఆవిడకి మింగుడుపడలేదు' అని మార్చాను. కర్కశం అన్నమాటే లేకుండా ఆ కుదుపు వచ్చింది. ఆ పెన్సిల్ గీత ఉన్న కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఎలా పలకాలి?

మనకి ఇందులో ఒక చిన్న ఉచ్చుంది. తెలుగులో 'జ' రెండు రకాలు. జీడిపప్పులో జ వేరు, జామకాయలో జ వేరు. జామ, జాము, జారుడు బల్ల అన్నప్పుడు నాలుక కొస పళ్ళ వెనక్కి వెళుతుంది. వెనకటి పుస్తకాల్లో ఈ రెండోదానికి విడిగా ౙ అని గుర్తు ఉండేది, ఇప్పుడు రెండింటికీ ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటున్నాం. ఇంగ్లీషు మాటలో ఉన్నది జీడిపప్పు జ. జామకాయ జతో పలికితే 'జారడం' అనే తెలుగు క్రియకి ఇంగ్లీషు తోక తగిలించినట్టు వినిపిస్తుంది. ఒక మీటింగులో మావాడొకడు అలాగే అంటే, పక్కనున్న తెలుగాయన 'ఎక్కడ జారింది?' అని అడిగాడట.

రాసేటప్పుడు జె, ఏ తర్వాత ఆర్ రెండుసార్లు వస్తుంది, ఆపైన ఐఎన్‌జి. స్టార్‌కి స్టారింగ్ రాసేటప్పుడు ఆర్ రెట్టించినట్టే ఇక్కడా.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

అన్నిచోట్లా పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఉందని వెతకడం మానేశాకే నా పని తేలికైంది. తగిలేది చెవికా, కంటికా, ఒంటికా, మనసుకా అని ముందు చూసుకోవాలి.

చెవికైతే మన దగ్గర సరుకు పుష్కలంగా ఉంది. కర్ణకఠోరం ఉంది, అపస్వరం ఉంది, మామూలు మాటల్లో 'చెవులు గింగురుమనేలా' ఉంది. ఇంగ్లీషులో 'జారింగ్ నోట్' అన్నది అసలు సంగీతం మాటే, తర్వాత మామూలు విషయాలకీ పాకింది. మన 'అపశ్రుతి' కూడా సరిగ్గా అదే దారిలో నడిచింది. అందుకే ఈ రెండూ చాలాసార్లు చక్కగా జతపడతాయి. అయితే ఒక జాగ్రత్త. మన పేపర్లు అపశ్రుతిని ప్రమాదానికి పర్యాయపదం చేసేశాయి. 'రథోత్సవంలో అపశ్రుతి' అని హెడ్డింగ్ చూడగానే ఎవరికో దెబ్బలు తగిలాయని మనకి అర్థమైపోతుంది. కాబట్టి పెళ్ళి విందులో ఎవరో అనకూడని మాట అన్నారని చెప్పడానికి 'విందులో అపశ్రుతి' అని పెడితే, పాఠకుడు ఫుడ్ పాయిజనింగ్ అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ 'పానకంలో పుడకలా' అంటే హాయి.

కంటికైతే ఎబ్బెట్టు, లేదా 'కొట్టొచ్చినట్టు'. రెండూ ఒకటి కావు. కొట్టొచ్చినట్టు కనపడేది బాగుండొచ్చు కూడా. పాత మండువా లోగిలి ఇంటికి ముందు వరండా మీద మెరిసే నీలం అద్దాల ఎలివేషన్ తగిలిస్తే అది ఎబ్బెట్టు.

ఒంటికైతే కుదుపు, అదురు, జివ్వుమనడం. పల్లెవెలుగు బస్సులో చివరి సీట్లో కూర్చున్నవాళ్ళకి వివరించనక్కర్లేదు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు ముందు సీట్లవాళ్ళు కొద్దిగా ఊగుతారు, చివరివాళ్ళు లేచి పడతారు. దాన్నే ఇంగ్లీషులో 'బోన్ జారింగ్' అంటారు. మనం 'ఎముకలు కదిలిపోయాయి' అంటాం, ఎముకతో సహా సరిపోయింది. క్రికెట్లోనూ వింటుంటారు. ఫీల్డరు డైవ్ చేసి మోకాలి మీద పడితే కామెంటేటర్ 'మోకాలు జార్ అయింది' అంటాడు. అంటే విరగలేదు, బెణకలేదు, గట్టిగా అదిరింది. చలికాలం పొద్దున్నే కార్క్ బాల్ బ్యాట్ అడుగు అంచుకి తగిలితే మోచేతి దాకా పాకే ఆ జివ్వు ఉంటుందే, కాసేపు బ్యాట్ పట్టుకోలేం, చేతులు దులుపుకుంటూ నాన్‌స్ట్రైకర్ దాకా నడిచొస్తాం. జార్ అనే క్రియని అంతకంటే బాగా నేను చెప్పలేను.

మనసుకి తగిలినప్పుడే కష్టం. అక్కడ ఒక్కోసారి 'మింగుడుపడలేదు', ఒక్కోసారి 'ఉలిక్కిపడ్డాను', 'చివుక్కుమంది', 'అదోలా అనిపించింది', 'పొసగలేదు'. విశేషణాన్ని విశేషణంగానే దించాలన్న పట్టుదల వదిలి క్రియలోకి దిగితే తెలుగు దానంతటదే దారి చూపిస్తుంది. 'కలవరపరిచే కఠినత్వం' లాంటివి మాత్రం వద్దు. అలా ఎవరూ మాట్లాడరు.

హార్ష్, గ్రేటింగ్, షాకింగ్, డిస్టర్బింగ్... ఇవన్నీ ఒకటే కదా?

చుట్టాలే గానీ ఒక ఇంటివాళ్ళు కాదు.

హార్ష్ అనేది వస్తువు గుణం. ఎండ హార్ష్, శిక్ష హార్ష్, మాట హార్ష్. ముందే తెలిసి వెళ్ళినా రెంటచింతల ఎండ ఎండే. జారింగ్‌కి ముందేదో ఒకటి ఉండాలి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఆ ఎండలోకి వస్తే అప్పుడు జారింగ్.

గ్రేటింగ్ అంటే రాపిడి. చెవిలో జోరీగ, చెప్పులో రాయి లాంటిది. ఆగదు, పోదు, విసిగిస్తుంది. ఎదురింటాయన రోజూ ఫోన్లో అరుస్తూ మాట్లాడటం గ్రేటింగ్. మౌనంగా ఉండే మీ మామయ్య ఒకరోజు హఠాత్తుగా అలా అరిస్తే జారింగ్.

షాకింగ్ పెద్దది, ఊరంతా చెప్పుకునేది. అందులో చాలాసార్లు నీతికి సంబంధించిన నింద కూడా ఉంటుంది. డిస్టర్బింగ్ మనతో ఇంటికొస్తుంది, రాత్రి నిద్రపట్టనివ్వదు. జారింగ్ అంత దూరం రాకపోవచ్చు, తగిలిన చోటే తగిలి ఊరుకుంటుంది. ఇక అబ్రప్ట్ అంటే కేవలం హఠాత్తుగా. కరెంటు పోవడం అబ్రప్ట్. మన దగ్గర అది జారింగ్ ఏమీ కాదు, అలవాటే.

పచ్చడి జాడీకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

లేదు. ఇంగ్లీషులో జార్ అనే మాటలు రెండు. సీసా, జాడీ అనే అర్థం ఉన్నది అరబ్బీ 'జర్రా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. జారింగ్‌లో ఉన్న క్రియ వేరు, 16వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో కనిపిస్తుంది. గీసుకున్నట్టు, కీచుమన్నట్టు వచ్చే శబ్దాన్ని అనుకరిస్తూ పుట్టిన మాట అంటారు. మనం 'గరగర', 'బరబర' అంటాం చూడండి, అలాంటి పుట్టుకే. ధ్వన్యనుకరణలో మన భాషకి సాటి తక్కువ కాబట్టి ఈ లాజిక్ మనకి వెంటనే ఎక్కుతుంది.

తలుపు ఓరగా తీసి ఉందనడానికి వాడే 'అజార్' కూడా దీని బంధువు కాదు. అది తిరగడం అనే అర్థమున్న వేరే పాత మాట నుంచి వచ్చింది. నైట్‌జార్ అనే పక్షి మాత్రం బంధువే. రాత్రిళ్ళు అది చేసే గరగర చప్పుడు వల్లే ఆ పేరు. పల్లెటూరి దారిలో రాత్రిపూట బండి మీద వెళుతుంటే రోడ్డు మధ్యలో కూర్చుని, లైటు పడగానే నిప్పుకణాల్లా కళ్ళు మెరిపించి, చక్రం మీదికొచ్చాక గానీ ఎగరని పిట్ట ఒకటుంటుంది. అదే.

బోర్డు మీద గోరు గీస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అది జారింగేనా?

చప్పుడు గ్రేటింగ్, మొదటిసారి వచ్చే ఉలికిపాటు జారింగ్. దీని మీద నిజంగానే పరిశోధన జరిగింది. 1986లో హాల్‌పెర్న్, బ్లేక్, హిలెన్‌బ్రాండ్ అనే ముగ్గురు తోటపనిలో వాడే మూడు ముళ్ళ పనిముట్టుతో పలకని గీసి, ఆ చప్పుడు రికార్డు చేసి జనానికి వినిపించారు. కీచుమనే పై స్థాయి ధ్వనులే ఒళ్ళు జలదరింపజేస్తాయని మనం అనుకుంటాం. వాళ్ళు వాటిని తీసేసి వినిపించినా జనం అలాగే మొహాలు చిట్లించారట. దోషి మధ్య స్థాయి ధ్వనుల్లో ఉందని తేల్చారు. ఈ పనికే 2006లో వాళ్ళకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది.

రెండు స్వరాలు కలిసినప్పుడు ఎందుకు పొసగదో అంతకంటే చాలా ముందే, 1863లో, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు. రెండు ధ్వనుల పౌనఃపున్యాలు దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే మధ్యలో 'వవ్వవ్వ' అని ఒక కొట్టుకోలు పుడుతుంది. అది వేగం పుంజుకుంటే చెవికి గరుకుగా తగులుతుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు పక్కన కూర్చుంటే ఇది చెవులారా వినొచ్చు. రెండు తీగలూ విడివిడిగా తియ్యగానే ఉంటాయి. బిరడ తిప్పేకొద్దీ ఆ కొట్టుకోలు నెమ్మదించి, నెమ్మదించి, ఒక క్షణంలో మాయమైపోతుంది.

జారింగ్, జార్డ్... ఏది ఎప్పుడు?

బోరింగ్, బోర్డ్ లాగే. కుదిపేది జారింగ్, కుదుపుకి లోనైంది జార్డ్. 'అయామ్ ఫీలింగ్ జారింగ్' అనకండి, మీరే పంటికింద రాయి అవుతారు. 'ఐ ఫౌండ్ ఇట్ జారింగ్' అన్నది సులువైన, సురక్షితమైన వాడుక. క్రియగా వాడితే నరాల మీదికొచ్చేదానికి 'జార్ ఆన్', పొసగనిదానికి 'జార్ విత్'. గోడ రంగు సోఫాతో పొసగకపోతే రెండోది. జాడీలో పెట్టిన పచ్చళ్ళని కూడా జార్డ్ అంటారు, అది ఆ అరబ్బీ జాడీ.

నా పని చూసి క్లయింటు 'ఎ బిట్ జారింగ్' అన్నాడు. తిట్టాడా?

తిట్టలేదు. కంగారు పడి పని మొత్తం మార్చెయ్యకండి కూడా. దానర్థం దాదాపు ఎప్పుడూ 'అతుకు కనపడుతోంది' అనే. ముక్కలు బాగానే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి పొసగట్లేదు. సరిచెయ్యాల్సింది ఆ అతుకు దగ్గరే.

నా సొంత తప్పు చెబుతాను. ఒక యాప్‌కి తెలుగు చేశాను. మొదటి స్క్రీన్ హుషారుగా ఉండాలన్నారని 'నీ ఆర్డర్ వచ్చేస్తోంది!' అని పెట్టాను. డబ్బు కట్టే స్క్రీన్ వేరే నెలలో చేశాను, అందులో 'మీ చెల్లింపు నిరాకరించబడినది' అని ఉంది. రెండూ విడివిడిగా చూసిన ఎవరికీ తప్పు కనపడలేదు. ఒకేసారి వాడినవాళ్ళకి మాత్రం, భుజం మీద చెయ్యేసి మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి కోర్టు బంట్రోతై సమన్లు చదివినట్టుంది. తెలుగు రాని క్లయింటుకి ఎవరో చెప్పారు, ఆయన నాకు రాసిన మెయిల్లో ఉన్న మాట జారింగే. 'మీ పేమెంట్ వెళ్ళలేదు, మళ్ళీ ప్రయత్నించండి' అని మార్చి, మొదటి స్క్రీన్లో 'నీ'ని 'మీ' చేశాను. రెండు వాక్యాల పని.

వెబ్‌సైట్లు చేసేవాళ్ళు దీనికి కొలత కూడా పెట్టుకున్నారు. వార్త చదువుతుంటే పైన యాడ్ లోడై పేరా మొత్తం కిందికి దిగిపోతుంది, మన బొటనవేలు పోయి యాడ్ మీద పడుతుంది. ఆ కుదుపుని గూగుల్ 2020 నుంచి 'క్యుములేటివ్ లేఅవుట్ షిఫ్ట్' పేరుతో లెక్కిస్తోంది. ఆ స్కోరు 0.1 లోపు ఉంటే బాగున్నట్టు, 0.25 దాటితే బాగోలేనట్టు.

ఇంగ్లీషు రివ్యూల్లో మన సినిమాలని జారింగ్ అంటారెందుకు?

ఎక్కువగా సీను మారే చోట అంటారు. తండ్రి చనిపోయిన సీను, చితి ఆరకముందే విదేశీ మంచుకొండల్లో డ్యూయెట్. కొత్తగా చూసేవాడికి అది కుదుపే. మనం ఆ డ్యూయెట్ టైమెప్పుడో లోపల్లోపల లెక్కేసుకుని కూర్చుంటాం కాబట్టి అదరం. నిజం చెప్పాలంటే అక్కడ పాట రాకపోతేనే కొందరికి ఏదో వెలితి. కాబట్టి రివ్యూలో ఈ మాట కనపడితే అది సినిమా గురించి ఎంత చెబుతుందో, రాసినవాడి అలవాటు గురించీ అంత చెబుతుంది. పెదాలు ఒకటంటే గొంతు ఇంకోటనే డబ్బింగ్ మాత్రం ఎవరికైనా జారింగే. అందులో నేను ఎవర్నీ వెనకేసుకురాను.

ఇది ఎప్పుడూ చెడ్డ మాటేనా?

మామూలుగా నిందే. కావాలని చేసినప్పుడు మెచ్చుకోలు కూడా అవుతుంది. 'జారింగ్ ఎఫెక్ట్' కోసమే కవి మెత్తటి పద్యం మధ్యలో ఒక మొరటు మాట దించుతాడు.

కర్ణాటక సంగీతంలో దీనికి ఏకంగా శాస్త్రమే ఉంది. పక్కపక్కనే ఇరుక్కుని ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకునే స్వరాలని వివాది స్వరాలంటారు. మూల రాగాలైన 72 మేళకర్తల్లో 40 వివాది మేళాలే. పూర్వం కొందరు వాటిని పాడటానికి వెనకాడేవారు, దోషమనేవారు. కానీ షట్శ్రుతి రిషభం (రి) పక్కనే అంతర గాంధారం (గ) ఉండే నాట రాగం సంగతి చూడండి. త్యాగరాజ పంచరత్నాల్లో మొదటిది ఆ రాగంలోనే. కచేరీ మొదట్లో నాట అందుకుంటే నిద్రపోతున్నవాడు లేచి కూర్చుంటాడు.

ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలో వాడొచ్చా?

వాడొచ్చు, ఒక్కసారి. కాంట్రాస్ట్, ట్రాన్సిషన్, నోట్, ఎక్స్‌పీరియన్స్, ఎఫెక్ట్ మాటల ముందు సహజంగా కూర్చుంటుంది. ఏది దేనితో పొసగలేదో ఆ వాక్యంలోనే కనపడాలి, అప్పుడే మాట తెలిసి వాడినట్టు. మనుషులకి నేరుగా పెట్టకండి. అతని ధోరణి జారింగ్ అనండి, అతను జారింగ్ అనకండి.

మా అబ్బాయి లండన్లో చదువుతున్నాడు. అక్కడ పిల్లలు మనుషుల్నే జారింగ్ అంటున్నారట?

అంటారు. లండన్ కుర్రకారు యాసలో దానికి 'విసిగిస్తున్నాడు', 'చిరాకు' అని అర్థం. 'దట్స్ జారింగ్ మ్యాన్' అంటే 'అబ్బా, చిరాకురా బాబూ' అని. ఇందాక చెప్పిన నియమం ఆ వీధుల్లో చెల్లదు. రూమ్మేట్ మీ అబ్బాయిని అలా అంటే గిన్నెలు కడగలేదని అర్థం, అంతకుమించి లోతుకి వెళ్ళకండి.

కశ్మీర్ గురించి చదువుతుంటే 'జారింగ్ రిపోర్ట్' అని వచ్చింది. అంత కటువుగా ఏముంది అందులో?

ఏమీ లేదు, అది ఇంటిపేరు. గునార్ జారింగ్ స్వీడన్ దౌత్యవేత్త. 1957లో భద్రతామండలి పంపితే భారత్, పాకిస్తాన్ వచ్చి కశ్మీర్ మీద నివేదిక ఇచ్చారు. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత పశ్చిమాసియాలో రాయబారం నడిపిన 'జారింగ్ మిషన్' కూడా ఆయనదే. సివిల్స్‌కి చదివే మా మేనల్లుడు దాన్ని 'కర్కశ నివేదిక' అని నోట్స్‌లో రాసుకున్నాడు. స్వీడిష్‌లో ఆ పేరుని యారింగ్ అంటారు, జీడిపప్పు జ కూడా కాదు.